పది కోర్ల ఐ5-1235యూ మంచిదా, ఎనిమిది కోర్ల ఐ5-12450హెచ్ మంచిదా?

నమస్కారం. చదివే మిగతావారికి కూడా అర్థం కావాలి కనుక మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీ అమ్మాయికి కానూరులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. గుంటూరు నుంచి విజయవాడ వచ్చి ఏలూరు రోడ్డులో ఒక దుకాణంలో రెండు లాప్‌టాప్‌లు చూశారు. మొదటిదాంట్లో ఇంటెల్ కోర్ ఐ5-1235యూ అనే ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. రెండవదాంట్లో ఐ5-12450హెచ్, 16 జీబీ ర్యామ్, ధర ఐదు వేలు ఎక్కువ. రెండింటిలోనూ విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌ లోపల పని చేసే ఒక్కో భాగాన్ని కోర్ అంటారు. దుకాణంలోని అబ్బాయేమో "మొదటిదానికి పది కోర్లు, రెండవదానికి ఎనిమిదే, తక్కువ కోర్లకు ఎక్కువ డబ్బు ఎందుకు పెడతారు" అన్నాడు. మీ మేనల్లుడేమో "హెచ్ అని ఉంటే అది లాప్‌టాప్ కాదు, పొయ్యి, విజయవాడ ఎండకు నిలవదు" అన్నాడు.

నా మాట ముందే చెప్పేస్తాను: రెండవది తీసుకోండి, ఒక్క పరీక్ష చేసుకున్న తరవాత. దుకాణం అబ్బాయి చెప్పిన అంకెలన్నీ నిజమే, ఆ అంకెల నుంచి అతను తేల్చిన సంగతే తప్పు. మీ మేనల్లుడి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం గురించి కాస్త వివరంగా మాట్లాడాలి. గవర్నర్‌పేటలో ఏళ్ళ తరబడి లాప్‌టాప్‌లు విప్పి బిగించే పనిలో ఉన్నవాణ్ణి కనుక ఎండ సంగతి నాకు బాగానే తెలుసు.

ఈ రెండు ప్రాసెసర్లూ అక్కాచెల్లెళ్ళే. రెండూ 2022 మొదట్లో వచ్చిన 12వ తరం, ఆల్డర్ లేక్ కుటుంబం. కాగితం మీద చూస్తే చిత్రంగా ఉంటాయి. రెండింటికీ గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. రెండింటికీ 12 త్రెడ్లు, అంటే ఒకేసారి నడపగల పనుల వరుసలు. రెండింటికీ 12 ఎంబీ క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ. కోర్లు మాత్రం ఒకదానికి పది, ఇంకొకదానికి ఎనిమిది. ఈ నాలుగు సంగతులే రాసి ఉన్న చీటీని చూసి ఎవరైనా మొదటిదే మెరుగు అనుకుంటారు. ఆ చీటీలో రాయనివి రెండు: ఆ కోర్లు ఎలాంటివి, వాటికి కరెంటు ఎంత.

ఆల్డర్ లేక్‌లో కోర్లన్నీ ఒకే జాతివి కావు. పెద్ద కోర్లు వేరు, చిన్న కోర్లు వేరు. ఇంటెల్ పెద్దవాటిని పీ-కోర్లనీ, చిన్నవాటిని ఈ-కోర్లనీ పిలుస్తుంది. పెద్ద కోర్ ఒక్కొక్కటి రెండు త్రెడ్లు నడుపుతుంది, 4.4 వరకు వెళుతుంది. చిన్నది ఒకే త్రెడ్ నడుపుతుంది, ఈ రెండు ప్రాసెసర్లలోనూ 3.3 దగ్గర ఆగుతుంది. చిన్న కోర్‌ను ఇంటెల్ తానే 2021లో తన పాత స్కైలేక్ కోర్‌తో పోల్చి చూపించింది. స్కైలేక్ 2015 నాటిది. పనికిరానిదని కాదు, తక్కువ కరెంటుతో బోలెడంత పని చేస్తుంది, కానీ పెద్ద కోర్‌తో సమానం కాదు. ఇప్పుడు లెక్క చూడండి. 1235యూలో పెద్దవి రెండు, చిన్నవి ఎనిమిది. రెండు రెళ్ళు నాలుగు, దానికి ఎనిమిది కలిపితే పన్నెండు త్రెడ్లు. 12450హెచ్‌లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. నాలుగు రెళ్ళు ఎనిమిది, నాలుగు కలిపితే మళ్ళీ పన్నెండే. మీరు మిర్చి యార్డులో గుమాస్తా పని చేస్తున్నానన్నారు కదా, పది మంది హమాలీలు వచ్చారని చెబితే మీరు తల లెక్కపెట్టి ఊరుకోరు, బస్తా ఎత్తగలవాళ్ళు ఎందరు, కల్లం ఊడ్చేవాళ్ళు ఎందరు అని అడుగుతారు. ఇక్కడా అదే అడగాలి.

ఇక కరెంటు సంగతి. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. చివరి అక్షరం యూ అంటే తక్కువ కరెంటుతో నడిచే రకం, హెచ్ అంటే ఎక్కువ కరెంటు తినే రకం. ఇంటెల్ లెక్కలో 1235యూకి నిలకడగా ఇచ్చే కరెంటు 15 వాట్లు, కాసేపు 55 వాట్ల వరకు ఎగరవచ్చు. 12450హెచ్‌కి నిలకడగా 45 వాట్లు, కాసేపు 95 వరకు. ఆ "కాసేపు" సాధారణంగా అర నిమిషమో, నిమిషమో. తరవాత లాప్‌టాప్ తయారీదారు పెట్టిన నిలకడ హద్దుకు దిగిపోవాల్సిందే.

15 వాట్లను పది కోర్లకు పంచితే ఒక్కొక్కదానికి వాటన్నర. 45 వాట్లను ఎనిమిదికి పంచితే ఐదున్నర పైనే. ముతక లెక్కే ఇది, ప్రాసెసర్‌లో కోర్లు కాక వేరే భాగాలకూ కరెంటు పోతుంది, పెద్ద చిన్న కోర్లు సమానంగా తినవు. అయినా బొమ్మ అర్థమవుతుంది. అన్ని కోర్లకూ ఒకేసారి పని పడినప్పుడు 1235యూ ఆ 4.4 వేగాన్ని అందుకోలేదు. దాని పెద్ద కోర్ల మూల వేగం, అంటే నిలకడ కరెంటుతో అందే వేగం, 1.3 గిగాహెర్ట్జే, హెచ్ రకానిది 2.0. ఈ మూల వేగాన్ని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఎవరూ వేయరు.

మరి వాడేటప్పుడు తేడా ఎంత? ప్రాసెసర్ వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష ఉంది, ఉచితం, అందరూ వాడేది. ఒకే కోర్‌తో చేసే పరీక్షలో రెండూ ఇంచుమించు 1600 దగ్గరే తిరుగుతాయి. అన్ని కోర్లతో చేసే పరీక్షలో 1235యూ లాప్‌టాప్‌లు ఎక్కువగా 6000 నుంచి 8500 మధ్య, 12450హెచ్ లాప్‌టాప్‌లు 10000 నుంచి 12000 ప్రాంతంలో వస్తాయి. ఒకే ప్రాసెసర్‌కు అంత వెడల్పు తేడా ఎందుకో గమనించండి. 1235యూ ఉన్న ఒక కంపెనీ 15 వాట్ల దగ్గర ఆపుతుంది, ఇంకొకటి 25 వరకు వదులుతుంది. హెచ్ రకంలోనూ అంతే. దిట్టమైన గేమింగ్ లాప్‌టాప్‌లో 45, అంతకు మించి కూడా ఇస్తారు, పలుచని వాటిలో 35 దగ్గరో, ఇంకా కిందో కట్టేస్తారు. ప్రాసెసర్ పేరు ఆకాశం హద్దు చెబుతుంది, ఎంత ఎత్తుకు ఎగరనివ్వాలో తయారీదారు నిర్ణయిస్తాడు. అందుకే "1235యూ మంచిదా, 12450హెచ్ మంచిదా" అని అడిగినవారిని నేను "ఏ లాప్‌టాప్‌లో" అని తిరిగి అడుగుతాను.

ఒకే కోర్ పరీక్షలో రెండూ సమానం అన్నాను. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఫైలు తెరవడం, బ్రౌజర్‌లో పేజీ రావడం, వర్డ్‌లో రాసుకోవడం, సి ప్రోగ్రాం కంపైల్ చేయడం, పైథాన్ నేర్చుకోవడం ఇవన్నీ ఒకటి రెండు పెద్ద కోర్ల మీద క్షణాల్లో అయిపోయే పనులు. మొదటి సంవత్సరమంతా మీ అమ్మాయి చేసేది ఇదే. ఆ పనుల్లో రెండు లాప్‌టాప్‌లను పక్కపక్కన పెట్టి కళ్ళకు గంతలు కట్టినా ఏది ఏదో ఆమె చెప్పలేదు. తేడా రెండో సంవత్సరం చివర, మూడో సంవత్సరంలో కనబడుతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ బిల్డ్ చేస్తే అన్ని కోర్లూ ఒకేసారి లేస్తాయి. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టి లినక్స్ నడిపితే, ప్రోగ్రాంలను విడివిడిగా ఉంచి నడిపే డాకర్ తెరిస్తే, పక్కన ఆన్‌లైన్ క్లాసు, ఇరవై ట్యాబులు ఉంటే, అప్పుడు నాలుగు పెద్ద కోర్లు ఉన్నది సుఖంగా ఉంటుంది.

అయితే అంతకంటే ముందే ఇబ్బంది పెట్టేది ర్యామ్. 8 జీబీతో విండోస్ 11, బ్రౌజర్ తెరిచేసరికే సగం పైన నిండుతుంది, దాని మీద తెర మీద ఫోన్ నకలు నడిపే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిస్తే ఏ ప్రాసెసర్ అయినా నత్తనడకే. నా దగ్గరికి "ప్రాసెసర్ పాతబడింది, మార్చాలా" అని వచ్చే విద్యార్థుల లాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రాసెసర్‌తో పేచీ లేదు, ర్యామ్ చాలకపోవడమే. కాబట్టి మీరు ఇచ్చే ఆ ఐదు వేలు ఒక్క ప్రాసెసర్‌కు కాదు, ఇంకో 8 జీబీ ర్యామ్‌కు కూడా. అలా చూస్తే ధరలో తేడా ఇంకా తగ్గిపోతుంది.

ర్యామ్ విషయంలో ఇంకొకటి. ఇప్పటి పలుచని లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. తరవాత పెంచుకుందాంలే అంటే కుదరదు. దుకాణంలో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. ఫార్మ్ ఫ్యాక్టర్ ఎదుట 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించినది, 'సోడిమ్' అని ఉంటే తీసి మార్చగలిగేది. కొన్నింటిలో సగం అతికించి, పక్కన ఒక ఖాళీ స్లాట్ వదులుతారు. దుకాణంవాడు ఉందని చెప్పినా, ఆ మోడల్ పేరుతో కంపెనీ పెట్టిన వివరాల పత్రంలో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు మీ మేనల్లుడి పొయ్యి దగ్గరికి వద్దాం.

ఈ రెండు ప్రాసెసర్లూ 100 డిగ్రీల దగ్గరకు వస్తే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కాలిపోవు, పేలిపోవు. "హెచ్ పేలుతుంది" అనేవాళ్ళ మాట వినకండి. కానీ వేడి బయటకు పోవాలంటే బయట గాలి చల్లగా ఉండాలి, ఫ్యాన్ పీల్చేది మీ గదిలో గాలినే. లాప్‌టాప్ లోపల 95 డిగ్రీల దగ్గర నిలబెట్టాలని తయారీదారు అనుకున్నాడనుకోండి. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే మధ్యలో 70 డిగ్రీల తేడా ఉంటుంది. మే నెలలో మన హాస్టల్ గదిలో మధ్యాహ్నం 40 అయితే ఆ తేడా 55కి పడిపోతుంది. ఒకే ఫ్యాను, ఒకే రాగి గొట్టం బయటకు తోయగలిగే వేడి దాదాపు ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. ఏసీ గదిలో 35 వాట్లు మోసిన లాప్‌టాప్ ఇక్కడ 27, 28 దగ్గర ఆగుతుంది. కంపెనీలు పరీక్షలు చేసేది చల్లని గదుల్లో, మనం వాడేది రోహిణి కార్తెలో. మీ మేనల్లుడు చెప్పిన సగం నిజం ఇదే.

మిగతా సగం అతను చూడలేదు. 15 వాట్ల 1235యూకి ఎండలో వేగం పెద్దగా పడదు. అది చల్లగా ఉంటుందని కాదు, దానికి హద్దు పెట్టింది వేడి కాదు, కరెంటు కోటా. హెచ్ రకం ఎండాకాలంలో వేగం కోల్పోతుంది, నిజమే, కానీ 27 వాట్లకు దిగిన 12450హెచ్ కూడా 15 వాట్ల 1235యూ కంటే ముందే ఉంటుంది, ఎందుకంటే పెద్ద కోర్లు రెట్టింపు ఉన్నాయి, చేతిలో వాట్లూ ఎక్కువ. ఎండాకాలంలో రెండింటి మధ్య ఎడం తగ్గుతుంది, తలకిందులు కాదు. అదీ గంటల తరబడి బరువైన పని చేసినప్పుడే. మామూలు పనికి హెచ్ రకం కూడా పదో పదిహేనో వాట్ల లోపలే నడుస్తుంది.

తలకిందులయ్యే సందర్భం ఒకటుంది, నేను పరీక్ష చేసుకోమన్నది అందుకే. కొన్ని కంపెనీలు యూ రకానికి తయారుచేసిన పలుచని పెట్టెలోనే, ఒకే ఫ్యాను, సన్నని రాగి గొట్టంతో హెచ్ రకాన్ని కూర్చోబెట్టి అమ్ముతాయి. పెట్టె మీద హెచ్ అని ఉంటుంది, లోపల ఊపిరాడదు. ఫ్యాను చెవులు హోరెత్తిస్తుంది, కీబోర్డు పై భాగం చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, స్కోరు చూస్తే యూ రకాన్ని కాస్త దాటి ఉంటుంది. దాన్ని కొనడం దండగ.

దీన్ని పట్టుకోవడానికి ముందు అడాప్టర్‌ను తిరగేసి చూడండి. అవుట్‌పుట్ అని రాసిన చోట వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఉంటే గుణించండి, 65 వాట్లు. అందులోంచే స్క్రీను, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ ఛార్జింగ్ అన్నీ నడవాలి. 65 వాట్ల అడాప్టర్‌తో వచ్చిన హెచ్ లాప్‌టాప్ ప్రాసెసర్‌కు నిలకడగా 45 ఇవ్వడం కష్టం, 35 ఇస్తే నేను సంతోషిస్తాను. 20 వోల్టులు, 2.25 ఆంపియర్లు అని ఉంటే 45 వాట్లే, అది చూస్తే హెచ్ లాప్‌టాప్‌ను అక్కడే పెట్టేసి రండి. తరవాత వెనక్కి తిప్పి గాలి పీల్చే కంతలు ఎంత మేర ఉన్నాయో, గాలి వదిలే దారి ఒకటా రెండా చూడండి. దీనికి చదువు అక్కర్లేదు, కళ్ళు చాలు.

అసలు పరీక్ష సినీబెంచ్. పెన్ డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళండి, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. డెమో లాప్‌టాప్‌ను ఛార్జర్‌కు తగిలించి, అన్ని కోర్ల పరీక్ష పెట్టండి. ఆర్23 మామూలుగానే పది నిమిషాలు నడుస్తుంది, ఆ పది నిమిషాలూ ఓపిక పట్టండి, మొదటి హడావుడి దాటాకే దాని అసలు సత్తా తెలుస్తుంది. పూర్తయ్యాక 12450హెచ్‌లో 9500 పైన వస్తే కళ్ళు మూసుకుని కొనండి. 8000 కూడా దాటకపోతే ఆ పెట్టెలో హెచ్ ఉన్నా లేకపోయినా ఒకటే. దుకాణం ఏసీలో ఈ స్కోరు వచ్చిందని, హాస్టల్లో ఇంకాస్త తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. పెన్ డ్రైవ్ పెట్టనివ్వం అనే దుకాణాలు ఉన్నాయి. అలాంటప్పుడు పెట్టె మీది పూర్తి మోడల్ సంఖ్య రాసుకుని వచ్చి, అదే మోడల్, అదే ప్రాసెసర్ మీద ఎవరైనా చేసిన పరీక్ష వెతకండి. పక్క మోడల్‌ది చూస్తే లాభం లేదు.

గ్రాఫిక్స్‌లో మాత్రం 1235యూ పైచేయి. దానిలో ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్ఈ, 80 యూనిట్లది. 12450హెచ్‌లో యూహెచ్‌డీ, 48 యూనిట్లది. కానీ ఐరిస్‌కు రెండు ర్యామ్ దారులూ నిండి ఉండాలి. 8 జీబీ ఒక్క ముక్కగా ఉంటే విండోస్‌లో దాని పేరు కూడా ఐరిస్ అని కాక యూహెచ్‌డీ అనే కనిపిస్తుంది, వేగమూ తగ్గుతుంది. పాత ఆటలు కాసేపు ఆడుకోవడానికి తప్ప బీటెక్ చదువుకు ఈ తేడా పట్టించుకోవలసినది కాదు. మెషీన్ లెర్నింగ్ చదవాలంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉండాలని భయపెడతారు, విద్యార్థి స్థాయి పనికి గూగుల్ కోలాబ్ ఉంది, అందులో పని జరిగేది గూగుల్ కంప్యూటర్ల మీద, మన లాప్‌టాప్ మీద కాదు.

బ్యాటరీ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. 45 వాట్-గంటల బ్యాటరీ, రాసుకోవడం చదవడం లాంటి పనికి మొత్తం లాప్‌టాప్ 7 వాట్లు తింటే ఆరు గంటల పైన వస్తుంది. హెచ్ రకం ఊరికే ఉన్నప్పుడు కూడా కాస్త ఎక్కువ తింటుంది కనుక గంట, గంటన్నర తగ్గుతుందనుకోండి. మీ అమ్మాయి హాస్టల్లో ఉంటుంది, ల్యాబులో ప్లగ్గు ఉంటుంది, ఇబ్బంది లేదు. అదే రోజూ గుంటూరు నుంచి బస్సులో వెళ్ళి వచ్చే పిల్ల అయితే, దారిలో చదువుకోవాలి, సంచి తేలికగా ఉండాలి అంటే, నేను 1235యూ తీసుకుని దానికే ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించమనేవాణ్ణి, స్లాట్ ఉంటే.

దుకాణంలో ఇవే కాక దగ్గరి చుట్టాలూ కనబడతాయి. ఐ5-1335యూ అంటే 1235యూ లాంటిదే, రెండు పెద్ద, ఎనిమిది చిన్న కోర్లు, వేగం 4.6. ఐ5-13420హెచ్ అంటే 12450హెచ్ లాంటిదే, నాలుగు నాలుగు, వేగం 4.6. 12 పోయి 13 వచ్చిందని ఎక్కువ సొమ్ము పెట్టవద్దు, కానీ పైన చెప్పినదంతా వాటికీ వర్తిస్తుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ చూపిస్తే 7000 వరుసలో మూడో అంకె చూడండి. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే పాత జెన్ 2 కోర్లు, నాలుగే. రైజెన్ 5 7530యూలో మూడో అంకె 3, జెన్ 3 కోర్లు, ఆరు. పేరులో తేడా ఒక్క అంకె, పనిలో తేడా చాలా. 7530యూ, 16 జీబీ మంచి ధరకు దొరికితే దాన్నీ పరిశీలించండి, యూ రకాల్లో అది గట్టిదే.

విండోస్ 11 తీసేసి విండోస్ 10 గానీ అంతకంటే పాతది గానీ వేసి ఇస్తామంటారు కొందరు, ఒప్పుకోకండి. పెద్ద కోర్‌కు ఏ పని, చిన్న కోర్‌కు ఏ పని అని సరిగ్గా పంచే ఏర్పాటు విండోస్ 11లోనే బాగా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది కూడా.

హాస్టల్లో మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడవద్దని చెప్పండి, గాలి కంతలు కిందనే ఉంటాయి. ఏడాదికోసారి దుమ్ము తీయించండి, మన ఊళ్ళ దుమ్ముకు ఫ్యాను పక్కన బూజులా పేరుకుపోతుంది. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి అందించే పూత) మొదటి ఏడాదే మార్చమని ఎవరైనా అంటే వద్దనండి, వారంటీ ఉన్నంతకాలం మూత విప్పే పని కంపెనీ సర్వీసు సెంటరుకే వదిలేయడం మేలు.

కొనేటప్పుడు బిల్లులో "ఐ5 లాప్‌టాప్" అని రాస్తే ఊరుకోకండి. లాప్‌టాప్ పూర్తి మోడల్ సంఖ్య, ప్రాసెసర్ పేరు 12450హెచ్ అని, ర్యామ్ 16 జీబీ అని, సీరియల్ నంబరు రాయించండి. పెట్టె మీది సీరియల్ నంబరు, లాప్‌టాప్ వెనక ఉన్నది ఒకటేనో కాదో అక్కడే సరిచూసుకోండి. మీరు పరీక్ష చేసింది డెమో లాప్‌టాప్‌ను కదా, చేతికిచ్చే సీలు పెట్టె దాని పక్క మోడల్‌ది కావచ్చు, ఒకే డిజైన్‌లో రెండు ప్రాసెసర్లూ వస్తాయి. పెట్టె అక్కడే విప్పించి, ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ పేరు చూశాకే డబ్బు కట్టండి.